కారు వెనుక ఇల్లు కట్టే ముందు: తొలి ట్రైలర్ యజమానికి కాటా చీటీయే మొదటి సామగ్రి

స్మృతి నగర్ (భిలాయి): కారు వెనుక తగిలించుకుని ఊరూరా తిరిగేందుకు వీలైన చక్రాల ఇల్లు ట్రావెల్ ట్రైలర్. దీన్ని తొలిసారి సమకూర్చుకున్నవారు సాధారణంగా మొదట వేసే ప్రశ్న ‘ఏమేం కొనాలి?’ అని. అంతకంటే ముందు వేయవలసిన ప్రశ్న మరొకటి ఉంది. ‘ఎంత బరువు?’ అన్నదే ఆ ప్రశ్న. కొక్కెం, గొలుసు, టైరు, బ్రేకు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, చివరకు వంటగిన్నెలు సైతం ఈ ఒక్క ప్రశ్నకు లభించే జవాబుపైనే ఆధారపడి ఉంటాయి. ఆ జవాబు దుకాణంలో దొరకదు. లారీలను తూచే వేబ్రిడ్జి వద్ద, కొద్దిపాటి రుసుముకు, ఒక చిన్న చీటీ రూపంలో దొరుకుతుంది.

ఉక్కు నగరమైన భిలాయిలో ఈ విషయాన్ని వివరించడం తేలిక. 1955లో నాటి సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో రూపుదిద్దుకుని, 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైన ఇక్కడి కర్మాగారం ఎన్నో తెలుగు కుటుంబాలకు బతుకుదెరువు చూపింది. ఆ కర్మాగారంలో పనిచేసిన వారెవరికైనా క్రేనుపై రాసి ఉండే సురక్షిత భారం అంకె ఎంత ముఖ్యమో తెలుసు. ఆ అంకెను దాటి ఒక్క టన్ను కూడా ఎత్తరు. కారు వెనుక ఇంటిని లాగే వ్యక్తి పాటించవలసిన క్రమశిక్షణ కూడా అదే.

ఈ కాలనీల నుంచి స్వస్థలాలకు రాకపోకలు ఎప్పుడూ ఉంటాయి. దుర్గ్-విశాఖపట్నం మధ్య 2024 సెప్టెంబరు నుంచి వందే భారత్ రైలు నడుస్తున్నా, రాయపూర్, ధమ్‌తరి, కాంకేర్, కేశ్‌కాల్, జగదల్‌పూర్, కొరాపుట్, సాలూరు మీదుగా సొంత వాహనంలో వెళ్లేవారు ఉన్నారు. ఈ దారిలో రెండు ఘాట్ రోడ్లు ఉన్నాయి. ట్రైలర్‌తో వెళ్లదలచిన వారికి ఈ దారే పాఠ్యపుస్తకం. ఇందులో వివరించే సూత్రాలు మాత్రం దేశంలో ఏ రహదారికైనా వర్తిస్తాయి.

బిడారు నుంచి ట్రైలర్ దాకా

కారవాన్ అనే మాట పారశీక భాషలోని ‘కార్వాన్’ నుంచి వచ్చింది. వర్తకుల గుంపు ప్రయాణానికి తెలుగులో మనం వాడే మాట బిడారు. ఒకప్పుడు తీరప్రాంతపు ఉప్పును ఎద్దుల మీద వేసుకుని తూర్పు కనుమలు దాటించి, బస్తర్, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాలకు చేర్చినవి బంజారాల బిడార్లే. ఎద్దు వీపుకు ఇరువైపులా వేలాడే పెరికెలలో ఒకటి బరువై మరొకటి తేలికైతే జంతువు నడవలేదు. బరువు ఎంత అన్నదానితో పాటు, ఆ బరువు ఎక్కడ ఉంది అన్నది కూడా ముఖ్యమని వారికి అనుభవంలో తెలుసు.

విహారం కోసం చక్రాల ఇల్లు కట్టించుకునే ఆధునిక అలవాటు బ్రిటన్‌లో మొదలైంది. విలియం గోర్డన్ స్టేబుల్స్ అనే నౌకాదళ మాజీ వైద్యుడు 1885లో బ్రిస్టల్‌లోని బండ్ల కర్మాగారంలో ‘వాండరర్’ అనే గుర్రపుబండి ఇంటిని చేయించుకున్నాడు. సామానుతో కలిపి అది సుమారు రెండు టన్నులు ఉండేది. ఎదురొచ్చేవారిని హెచ్చరించేందుకు ఒక మనిషి మూడు చక్రాల సైకిల్‌పై ముందు వెళ్లేవాడు. గుర్రాల స్థానంలో మోటారు వచ్చినా ఆ రెండు సమస్యలు అలాగే మిగిలాయి: బరువు, ఇరుకు దారి.

ఇంజనుతో సహా ఇల్లంతా ఒకే వాహనంగా ఉంటే దానిని మోటారు కారవాన్ అంటారు. ఇంజను లేకుండా కారుకు తగిలించేది ట్రావెల్ ట్రైలర్. గమ్యం చేరాక దానిని విడదీసి కారును విడిగా వాడుకునే సౌలభ్యం దీనిలో ఉంది. ఆ తగిలింపు వద్దే అసలు ప్రమాదం కూడా ఉంది.

చట్టం అడిగేదీ బరువే

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ‘మోటారు వాహనం’ అనే నిర్వచనంలో ట్రైలర్ కూడా చేరుతుంది. కనుక దానికి విడిగా రిజిస్ట్రేషన్, థర్డ్ పార్టీ బీమా ఉండాలి. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్ సొంత నంబరు దాని పక్కభాగాన, లాగే కారు నంబరు దాని వెనుక భాగాన కనిపించాలి.

గరిష్ఠ బరువును బట్టి మన దేశంలో ట్రైలర్లను నాలుగు వర్గాలుగా విభజించారు. 750 కిలోల వరకు టి1, అంతకు మించి 3.5 టన్నుల వరకు టి2, ఆపై 10 టన్నుల వరకు టి3, 10 టన్నులు దాటితే టి4. కుటుంబ అవసరాలకు వాడే ట్రావెల్ ట్రైలర్లు మొదటి రెండు వర్గాలలోకి వస్తాయి. రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదైన గరిష్ఠ బరువును దాటి నడపడాన్ని 113వ సెక్షన్ నిషేధిస్తోంది. 194వ సెక్షన్ కింద జరిమానా 20,000 రూపాయలు, అదనపు భారంపై టన్నుకు మరో 2,000 రూపాయలు. అనుమానం వస్తే వాహనాన్ని తూకానికి పంపే అధికారం 114వ సెక్షన్ అధికారులకు ఇస్తోంది.

ఉక్కు పట్టణాలలో ప్రత్యేకంగా చెప్పవలసిన మాట ఒకటుంది. హాథ్‌ఖోజ్ వంటి పారిశ్రామిక ప్రాంతాలు పక్కనే ఉన్నచోట, వెల్డింగ్ తెలిసిన చేతులున్నచోట, ‘ఛాసిస్ మనమే చేసుకుందాం’ అన్న ఆలోచన రావడం సహజం. అతుకు ఎంత గట్టిగా ఉన్నా, ఆమోదం లేని ట్రైలర్ చట్టం దృష్టిలో రోడ్డెక్కడానికి తగినది కాదు. రిజిస్ట్రేషన్ లేని వాహనం నడిపితే 192వ సెక్షన్ కింద తొలిసారి 5,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. ప్రమాదం జరిగితే నష్టపరిహార భారం యజమానిపైనే పడే అవకాశం అంతకంటే పెద్ద విషయం. కారుకు కొక్కెం బిగించే ముందు, ట్రైలర్‌కు బయానా ఇచ్చే ముందు ప్రాంతీయ రవాణా కార్యాలయం నుంచీ బీమా సంస్థ నుంచీ లిఖితపూర్వకంగా సమాధానం తీసుకోవడం మేలు. బీమా పత్రంలో ట్రైలర్ ప్రస్తావన స్పష్టంగా కనిపించాలి.

కారు ఎంత లాగగలదు?

ఇంజను బలంగా ఉన్నంత మాత్రాన కారు ఎంతైనా లాగగలదనుకోవడం పొరపాటు. లాగడం ఒక ఎత్తు, ఆపడం మరో ఎత్తు. కారుతో వచ్చే యజమాని పుస్తకంలో లాగదగిన గరిష్ఠ బరువు, కొక్కెంపై నిలువుగా పడదగిన గరిష్ఠ భారం అనే రెండు అంకెలు వెతకాలి. ఆ పుస్తకంలో లాగే సామర్థ్యం ప్రస్తావనే లేకపోయినా, లాగవద్దని రాసి ఉన్నా, ఆ కారు ఈ పనికి పనికిరాదనే అర్థం చేసుకోవాలి.

కొత్తవారికి బ్రిటన్‌లో చెప్పే ఒక సూత్రం మనకూ ఉపయోగపడుతుంది. సామానుతో నిండిన ట్రైలర్ బరువు, కారు సొంత బరువులో 85 శాతం మించరాదు. రెండు టన్నుల కారు అయితే 1,700 కిలోల లోపు అన్నమాట. కారు తయారీదారు చెప్పిన పరిమితి ఇంతకంటే తక్కువైతే ఆ తక్కువ అంకెకే కట్టుబడాలి.

ఇప్పుడు సామాను లెక్క చూద్దాం. నూరు లీటర్ల నీరు నూరు కిలోలు. ఇళ్లలో ఇన్వర్టర్‌కు వాడే 150 ఆంపియర్-అవర్ బ్యాటరీ సుమారు 55 కిలోలు. నిండు గృహ సిలిండర్ సుమారు 30 కిలోలు. ఒక బియ్యం బస్తా 25 కిలోలు. ఈ నాలుగే 210 కిలోలు అయ్యాయి. ఖాళీగా 600 కిలోలు ఉండి, 750 కిలోల వరకే అనుమతి ఉన్న చిన్న ట్రైలర్‌లో సామానుకు మిగిలేది 150 కిలోలే. పరుపు, దుప్పటి, గిన్నె ఏదీ ఎక్కకముందే అది పరిమితి దాటిపోయింది.

ఎడ్లబండి చెప్పే పాఠం

మొత్తం బరువు పరిమితి లోపల ఉన్నా, దాన్ని సర్దిన తీరు తప్పైతే ట్రైలర్ ప్రమాదకరమే. ఈ సంగతిని ఎడ్లబండి తోలినవారికి వేరే చెప్పనక్కరలేదు. బస్తాలన్నీ వెనక్కి చేరితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడను పైకి ఈడుస్తుంది. అన్నీ ముందుకు చేరితే భారమంతా మెడపైన పడుతుంది. ఇరుసుకు కాస్త ముందు బరువు ఉండేలా సర్దితే బండి సాఫీగా సాగుతుంది.

ట్రైలర్‌లో నొగ స్థానంలో ఉండేది కారు కొక్కేనికి తగిలే ముందు కడ్డీ. దానిపై నిలువుగా పడే భారం తగినంత ఉండాలి. అమెరికాలో ట్రైలర్ మొత్తం బరువులో ఇది 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. ఐరోపాలో 5 నుంచి 7 శాతం అంటారు. అమెరికాలోని బంధువు చెప్పిన అంకె, బ్రిటన్‌లోని మిత్రుడు చెప్పిన అంకె కలవకపోవడానికి కారణం ఇదే. అక్కడి ట్రైలర్లు, వాటిని లాగే వాహనాలు, అనుమతించే వేగాలు వేర్వేరు. ట్రైలర్ తయారీదారు ఇచ్చిన అంకెను, కారు కొక్కేనికి ఉన్న పరిమితితో పోల్చి, రెండింటికీ సరిపోయేలా సర్దుకోవాలి.

ముందు భారం తక్కువైతే వేగం పెరిగే కొద్దీ ట్రైలర్ ఎడమకూ కుడికీ ఊగడం మొదలవుతుంది. పక్క నుంచి బస్సు వేగంగా దాటిపోయినప్పుడు వచ్చే గాలి తోపు చాలు, ఆ ఊగుడును ప్రారంభించడానికి. ఒక్కో ఊపుకూ అది పెరుగుతూ చివరకు కారునే తిప్పి పడేయగలదు. ముందు భారం మరీ ఎక్కువైతే కారు వెనుక భాగం కుంగి, ముందు చక్రాలపై పట్టు తగ్గుతుంది. స్టీరింగ్, బ్రేకు రెండూ బలహీనపడతాయి.

అందుకే బియ్యం, నీరు, బ్యాటరీ, పనిముట్లు వంటి బరువులన్నీ నేలమట్టంలో, ఇరుసుకు దగ్గరగా, కొద్దిగా ముందువైపు ఉండాలి. పై అరలలో దుస్తులు, తేలికపాటి వస్తువులే పెట్టాలి. వెనుక గోడకు అదనపు సామాను తగిలించడం మంచిది కాదు.

కాటా మీద మూడు తూకాలు

వేబ్రిడ్జికి లారీల ఊళ్లలో కొదవ లేదు. ఛత్తీస్‌గఢ్‌లో వీటికి ‘ధరమ్ కాంటా’ అనే బోర్డులు కనిపిస్తాయి. ప్రయాణానికి సిద్ధమైన స్థితిలో, అంటే నీరు, గ్యాస్, సామాను, మనుషులు అంతా ఉన్నప్పుడు, ఈ మూడు తూకాలు వేయించాలి.

మొదటిది: కారుకు తగిలించి ఉంచి, ట్రైలర్ చక్రాలు మాత్రమే కాటాపై ఉన్నప్పుటి తూకం.

రెండోది: ట్రైలర్‌ను విడదీసి, చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, ముందు కాలితో సహా మొత్తాన్ని కాటాపై నిలబెట్టినప్పటి తూకం. ఇది ట్రైలర్ అసలు బరువు. దీనిలోంచి మొదటి తూకాన్ని తీసివేస్తే కొక్కెంపై పడే భారం వస్తుంది. ఉదాహరణకు రెండో తూకం 1,200 కిలోలు, మొదటిది 1,090 కిలోలు అయితే కొక్కెంపై భారం 110 కిలోలు. అంటే 9 శాతం పైచిలుకు.

మూడోది: ట్రైలర్ తగిలించి ఉండగా, మనుషులతో సహా కారు చక్రాలు మాత్రమే కాటాపై ఉన్నప్పటి తూకం. ఇది కారుకు నమోదైన గరిష్ఠ బరువును మించరాదు. కొక్కెంపై పడే భారం కారు మోసే సామానులో భాగమేనన్న సంగతి చాలామంది మరచిపోతారు.

లారీల కాటా సాధారణంగా 5, 10 కిలోల మెట్లలో చూపుతుంది గనుక కొక్కెం భారాన్ని దానిపై ఖచ్చితంగా తెలుసుకోవడం కష్టం. ధాన్యం మిల్లులో, బియ్యం కొట్టులో బస్తాలు తూచే చిన్న ప్లాట్‌ఫాం కాటాపై ట్రైలర్ ముందు భాగాన్ని ఆనిస్తే సరైన అంకె తెలుస్తుంది. ట్రైలర్ సమతలంగా ఉండటం, చక్రాలకు అడ్డు ఉండటం తప్పనిసరి.

తిరుగు ప్రయాణానికి మళ్లీ తూకం వేయించాలి. సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చే బండి వెళ్లినంత తేలికగా తిరిగి రాదు. కొత్త బియ్యం, కొబ్బరికాయలు, బెల్లం, ఆవకాయ జాడీలు ఎక్కించాక పాత చీటీ చెల్లదు.

తప్పనిసరి సామగ్రి: కలిపేవి, ఆపేవి

కొక్కెం గుండు, దానిపై కూర్చునే గుల్ల ఒకే కొలతలో ఉండాలి. ఐరోపా ప్రమాణం 50 మిల్లీమీటర్లు. అమెరికాలో ఎక్కువగా వాడే రెండు అంగుళాల గుండు 50.8 మిల్లీమీటర్లు. కంటికి ఒకటేలా కనిపించే ఈ రెండింటినీ కలిపితే వదులుగానో బిగువుగానో ఉంటుంది. రెండూ ప్రమాదమే. తగిలించాక తాళపు పిన్ను వేసి, ముందు కాలి జాకీతో కడ్డీని కొద్దిగా పైకి ఎత్తి చూడాలి. కారు వెనుక భాగం కూడా దానితో లేస్తే పట్టు సరిగా పడినట్టు. ఇరుసు చీల చూసుకోకుండా బండి కట్టని రైతుకు ఈ జాగ్రత్త కొత్తది కాదు.

కొక్కెం ఊడినా ట్రైలర్ దారి తప్పకుండా రెండు రక్షణ గొలుసులు ఉండాలి. వాటిని కడ్డీ కింద అడ్డంగా, ఒకదానిపై ఒకటి దాటేలా తగిలించాలి. కడ్డీ ఊడిపడితే ఆ గొలుసుల ఉయ్యాలలో నిలుస్తుంది, నేలకు తగలదు. కారు నుంచి పూర్తిగా విడిపోతే ట్రైలర్ బ్రేకు తనంతట తాను పడేలా చేసే తీగ కూడా అవసరం. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రైలర్‌కు సొంత బ్రేకు తప్పనిసరి. ఏ దేశంలోనైనా అంత బరువుకు బ్రేకు లేని ట్రైలర్ కొనకపోవడమే వివేకం.

బ్రేకు దీపాలు, మలుపు దీపాలు పనిచేసేందుకు ఏడు పిన్నుల విద్యుత్ కనెక్షన్ ఉంటుంది. ప్రతి ప్రయాణానికి ముందు ఒకరు కారులో కూర్చుని ఒక్కో మీట నొక్కుతుంటే, మరొకరు వెనుక నిలబడి చూడాలి. ట్రైలర్ కారు కంటే వెడల్పైనప్పుడు మామూలు అద్దాలలో వెనుక దారి కనిపించదు. కారు అద్దాలకు బిగించే పొడవాటి అదనపు అద్దాలు రెండు వైపులా కావాలి.

చక్రాలు, మట్టం

ట్రైలర్ టైర్లు అరిగి పాడవడం కంటే నిలిచి, ఎండలో ఎండి పాడవడం ఎక్కువ. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. 2323 అని ఉంటే 2023లో 23వ వారంలో తయారైనదని అర్థం. పాత ట్రైలర్ కొనేవారు రంగు కంటే ముందు ఈ అంకె చూడాలి.

గాలి ఒత్తిడిని ఉదయం, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేసవిలో ఎండకు కాలిన రోడ్డుపై నడిచి వేడెక్కిన టైరులో ఒత్తిడి ఎక్కువగా కనిపిస్తుంది. అది చూసి గాలి తీయడం తప్పు. గాలి తక్కువైన టైరు వేడెక్కి పగులుతుంది. ఒత్తిడి కొలిచే గేజి, ట్రైలర్‌కు సరిపోయే అదనపు చక్రం, ట్రైలర్ బరువు మోయగల జాకీ, నట్లను నిర్ణీత బలంతో బిగించే టార్క్ పానా తప్పక ఉండాలి. చక్రం విప్పి బిగించాక 50 నుంచి 100 కిలోమీటర్ల తరువాత నట్లను మళ్లీ సరిచూడాలి.

అడ్డుదిమ్మెలు నాలుగైనా ఉండాలి. చక్రం కింద రాయి పెట్టి, వెళ్లేటప్పుడు దానిని రోడ్డుపైనే వదిలేసే అలవాటు వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుల ప్రాణం మీదికి తెస్తుంది. దిమ్మెలు పెట్టిన తరువాతే కొక్కెం విప్పాలన్న క్రమాన్ని ఎన్నడూ మార్చరాదు. మట్టం సరిచేసేందుకు తాపీమేస్త్రీ వాడే రసమట్టం, రెండు మందపాటి చెక్కపలకలు చాలు. మూలల్లోని కాళ్లు ఊగకుండా నిలిపేందుకే తప్ప, ట్రైలర్‌ను పైకి ఎత్తేందుకు కాదు.

నీరు, కరెంటు

ట్యాంకు నిండా నీటితో ప్రయాణించవలసిన అవసరం అరుదు. తాగునీరు డబ్బాలలో తీసుకుని, వాడకపు నీరు గమ్యంలో నింపుకుంటే ఒక్కసారిగా నూరు కిలోల భారం తగ్గుతుంది. సగం నిండిన ట్యాంకులో నీరు అటూ ఇటూ కదిలి బరువు చోటు మారుతుంది. కనుక ఖాళీగానో, నిండుగానో ఉంచడం మేలు. తాగునీటికి తగిన పైపు ఒకటి, కడిగే పనులకు మరొకటి విడివిడిగా ఉండాలి. వాడిన నీటిని రోడ్డు పక్కన వదలకుండా పట్టి ఉంచే తొట్టి కూడా అవసరం.

కరెంటు విషయంలో ఆశ ఎక్కువ, లెక్క తక్కువ. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ లెడ్-యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది. అది సుమారు 600 వాట్-అవర్లు. 30 వాట్ల ఫ్యాన్ దానితో సుమారు 20 గంటలు తిరుగుతుంది. వెయ్యి వాట్లకు పైగా లాగే ఏసీ అరగంట నడవదు. చిన్న ఇన్వర్టర్‌పై మిక్సీ మొదలయ్యేటప్పుడు లాగే ఒరవడికే అది ఆగిపోవచ్చు. ఇడ్లీ పిండి, పచ్చడి ఇంట్లోనే రుబ్బుకుని బయలుదేరడం ఉత్తమం. నూరు వాట్ల సౌర పలక మంచి ఎండలో రోజుకు 400 వాట్-అవర్ల మేర ఇస్తుంది. ఫ్యానుకు, దీపాలకు, ఫోన్లకు అది సరిపోతుంది.

బయటి నుంచి 230 వోల్టుల కరెంటు తీసుకునేటప్పుడు 16 ఆంపియర్ల తీగ, ఎర్త్ కనెక్షన్, 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే ఆర్‌సీసీబీ రక్షణ ఉండాలి. చుట్టగా ఉన్న తీగ వేడెక్కి కరుగుతుంది. అవసరమైనది మూరెడే అయినా తీగనంతా విప్పి పరచాలి.

గ్యాస్, నిప్పు, ఊపిరి

ఇది వసతికి సంబంధించిన అంశం కాదు, ప్రాణానికి సంబంధించినది. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే నేలపైన పరుచుకుంటుంది. అందుకే ట్రైలర్ నేలమట్టంలో గాలి పోయే రంధ్రాలు ఉంటాయి. దోమలు వస్తున్నాయని, దుమ్ము వస్తోందని వాటిని మూయరాదు. సన్నని వల బిగిస్తే సరిపోతుంది.

రెండు, మూడు రోజుల ప్రయాణానికి 5 కిలోల సిలిండర్ చాలు. దానిని బయటికి గాలి పోయే ప్రత్యేకమైన అరలో, నిలువుగా, కదలకుండా కట్టి ఉంచాలి. బండి కదిలే ముందు వాల్వు కట్టాలి. ఐఎస్‌ఐ గుర్తున్న సురక్ష ట్యూబునే వాడి, గడువు లోపల మార్చాలి. గ్యాస్ లీకు హెచ్చరిక యంత్రాన్ని నేలకు దగ్గరగా బిగించాలి.

కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. చలి కాచుకునేందుకు కుంపటి లోపలికి తెచ్చినా, తలుపులు మూసి స్టవ్ వెలిగించి ఉంచినా నిద్రలోనే ప్రాణం పోవచ్చు. దీనికి మరో హెచ్చరిక యంత్రం కావాలి. మంటలార్పే సిలిండర్‌ను పొయ్యి పక్కన కాకుండా తలుపు దగ్గర ఉంచాలి. పొయ్యి వద్ద మంట లేస్తే అక్కడికి చేయి పెట్టలేము. గ్యాస్ లీకుకు 1906, ఏ అత్యవసరానికైనా 112, జాతీయ రహదారిపై సహాయానికి 1033 నంబర్లను తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాసిపెట్టాలి.

ఘాట్ రోడ్డులో

కేశ్‌కాల్ ఘాట్ పన్నెండు మలుపులకు పేరుపొందింది. అక్కడ గుర్తుంచుకోవలసిన మొదటి విషయం, ట్రైలర్ చక్రాలు కారు చక్రాల జాడలో నడవవు. మలుపులో అవి లోపలి అంచుకు జరుగుతాయి. కారును కాస్త వెడల్పుగా తిప్పకపోతే ట్రైలర్ చక్రం కాలువలోకో, రాతి గోడకో తగులుతుంది.

రెండోది, దిగుడు. ఏ గేరులో ఎక్కగలమో ఆ గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్ల పాత సూత్రం. లారీ పరిశ్రమకు పేరున్న సాలూరు డ్రైవర్లు సుంకి ఘాట్‌ను రోజూ దిగేది అలాగే. బ్రేకుపై కాలు పెట్టి ఉంచితే అది వేడెక్కి పట్టు కోల్పోతుంది. దిగుడు మొదలుకాకముందే గేరు తగ్గించి, బ్రేకును విడివిడిగా, కొద్దిసేపు మాత్రమే వాడాలి. కిందికి చేరాక ఆగి చక్రాల వేడి చూడాలి. ఒక చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే బ్రేకో, బేరింగో పట్టేసినట్టు.

ట్రైలర్ ఊగడం మొదలైతే యాక్సిలరేటర్ నుంచి కాలు తీసి, స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకోవాలి. గట్టిగా బ్రేకు వేయరాదు. ఊగుడుకు ఎదురుగా స్టీరింగ్ తిప్పరాదు. వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట నమ్మరాదు. బ్రిటన్‌లో ట్రైలర్ లాగే కార్లకు రెండు వరుసల సాధారణ రహదారిపై గంటకు 80 కిలోమీటర్లు, మోటారు మార్గాలపై 96 కిలోమీటర్లు గరిష్ఠ పరిమితి. పశువులు, ఆటోలు, ఎదురుదారిన వచ్చే మోటార్ సైకిళ్లు ఉన్న మన రోడ్లపై అంతకంటే తక్కువే సురక్షితం. నడిచే ట్రైలర్‌లో మనుషులు కూర్చోవడం, పిల్లలను పడుకోబెట్టడం ఎంతమాత్రం తగదు.

తొలి రాత్రి ఇంటి ముందే

వెనక్కి నడపడం ఖాళీ మైదానంలో నేర్చుకోవాలి. స్టీరింగ్ కింది భాగాన్ని పట్టుకుని, ట్రైలర్ ఎటు పోవాలో అటు చేయి జరిపితే అది అటే పోతుంది. కారు వెలుపల ఒకరు నిలబడి, ముందే అనుకున్న సైగలతో దారి చూపాలి. ఆ మనిషి అద్దంలో కనిపించకపోతే బండి ఆపాలి.

తొలి రాత్రి ఇంటి ఆవరణలోనే గడిపితే ఏ కుళాయి కారుతోందో, ఏ దీపం వెలగడం లేదో, ఏ వస్తువు మరచిపోయామో తెలుస్తుంది. రెండో ప్రయాణం దగ్గరలోని చోటుకు, ఉదాహరణకు భిలాయి వాసులైతే ధమ్‌తరి సమీపంలోని గంగ్రేల్ జలాశయం వరకు సరిపోతుంది. చిత్రకోట్ జలపాతం, అరకు లోయ, విశాఖ తీరం ఆ తరువాత. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించినా, ట్రైలర్లు నిలిపే ప్రత్యేక పార్కులు దేశంలో ఇంకా అరుదే. అందువల్ల రాత్రి మజిలీని పగటిపూటే ఖరారు చేసుకోవాలి. దాబా, పెట్రోలు బంకు, హోటల్ ఆవరణ ఏదైనా యజమాని అనుమతి తీసుకోవాలి. అటవీ ప్రాంతాలలో స్థానిక పోలీసులకు తెలియజేయడం మంచిది.

గుడారపు పందిరి, టీవీ, ఏసీ, మడత కుర్చీల జత, బయటి పొయ్యి వంటివి మూడు, నాలుగు ప్రయాణాల తరువాత కొనవచ్చు. అప్పటికి ఏది నిజంగా అవసరమో, ఏది భారమో తెలిసివస్తుంది. ప్రతి కొత్త వస్తువు లోపలికి వచ్చేటప్పుడు దాని బరువు చీటీపై చేర్చి, పరిమితి దాటితే మరొకటి దింపాలి. కాటా చీటీని గల్లాపెట్టెలో దాచకుండా ట్రైలర్ తలుపు లోపలివైపు అతికించాలి. బయలుదేరే హడావుడిలో ఇంకొక్క బస్తా ఎక్కిద్దామని ఎవరైనా అన్నప్పుడు వాదన పెట్టుకోనవసరం లేకుండా ఆ అంకెను చూపిస్తే చాలు.